చూడమ్మ టీచరు చూపించిన నీటి బొట్టు

మా బడిలో ఆవిడ అసలు పేరు ఎవరికీ గుర్తుండేది కాదు. "చూడండమ్మా, ఇటు చూడండి" అనకుండా పాఠంలో ఒక్క ముక్క ముందుకు పోయేది కాదు గనక, చేరిన ఏడాదే పిల్లలు ఆవిడకి చూడమ్మ టీచరు అని పేరు పెట్టేశారు. ఆ పెట్టిన పిల్లలు పెద్దవాళ్ళై తమ పిల్లల్ని తెచ్చి చేర్పించినప్పుడు కూడా అదే పేరు. ఆవిడకి కోపం రాలేదు. "పోనీలేవే, తిట్టలేదుగా, నేను చేసే పనే చెబుతున్నారు" అనేది. నేను అదే బడిలో లెక్కల టీచర్ని. పిల్లలు నాకూ ఒక పేరు పెట్టారు. అది ఇక్కడ రాయను.

ఇంతా చేసి, చూడండి చూడండి అని గొంతు చించుకునే ఆ మనిషి దగ్గర చూపించడానికి ఏమీ ఉండేది కాదు. అదీ ఆవిడ ఖర్మ.

సైన్సు గది మా గదుల వరుసలో చివరిది. నల్లరాతి బల్లలు, వాటి మధ్య ఒక తొట్టి, తొట్టి మీద నీళ్ళు రాని కుళాయి. ఆ తొట్టిలో చీపుళ్ళు పెట్టేవాళ్ళం. సారా దీపం ఉంది, సారా లేదు. అల్మారాలో గాజు సీసాలో ఒక కప్ప ఉండేది. మా ఇద్దరి కంటే ముందు నుంచీ ఉంది, రంగు పోయి తెల్లగా పాలిపోయింది. బడిలో అందరికంటే ఎక్కువ చదువు చెవిన పడింది దానికే అని నేను అనేదాన్ని. ఇక మైక్రోస్కోపు. చెక్కపెట్టెలో, ఎర్రగుడ్డ చుట్టుకుని, తాళంలో. అందులోని అద్దాలకి ఎప్పుడో చెమ్మ తగిలి బూజు పట్టింది. కన్ను పెడితే పొగమంచులా తెల్లగా ఉంటుంది, అంతే. మరీ పట్టిపట్టి చూస్తే మన కనురెప్ప వెంట్రుకలు మనకే కనిపిస్తాయి.

అయినా ఏటా తొమ్మిదో తరగతి పిల్లలు దాంట్లో ఉల్లిపొర చూడాలి. పుస్తకంలో చూడమని ఉంది మరి. పిల్లలు వరుసలో నిలబడేవారు. ఒక్కొక్కరే వచ్చి, ఒక కన్ను మూసి, రెండో కన్ను ఆనించి, "కనిపించింది మేడమ్" అని పక్కకు జరిగేవారు. తర్వాత పుస్తకం తెరిచి, గోడలో ఇటుకల్లా ఉండే ఆ బొమ్మని దించుకునేవారు. ఇది మోసమని ఎవరూ అనుకోలేదు. హాజరు పిలిస్తే ప్రెజెంట్ అన్నట్టే మైక్రోస్కోపు దగ్గర కనిపించింది అనాలి. అన్నవాళ్ళు చదువుతూ చదువుతూ ఎక్కడెక్కడికో పోయారు, అక్కడా అలాగే అంటూ ఉండి ఉంటారు. చూడమ్మకి మాత్రం ఆ వారమంతా తిండి సయించేది కాదు.

"పిల్లల చేత అబద్ధం చెప్పించే పాఠం ఇదొక్కటేనే" అనేది.

"ఇదొక్కటేనా అక్కా? నా లెక్కల్లో రెండు కుళాయిలు కలిసి తొట్టి నింపుతూనే ఉంటాయి. మన సైన్సు గదిలో ఉన్న ఒక్కటీ పనిచెయ్యదు" అనేదాన్ని. నవ్వేది కాదు.

ఆవిడ ఒక దర్జీ కూతురు. తండ్రికి చూపు మందగించాక సూదిలో దారం ఎక్కించే పని ఈవిడదే. ఆ ఇంట్లో ఒక భూతద్దం ఉండేదట. పని లేనప్పుడు తండ్రి దాన్ని కూతురికిచ్చి, "ఈగ కాలు చూడవే, ఎన్ని వెంట్రుకలో!" అనేవాడట. అదీ ఆవిడ సైన్సు. ఆ ఈగ కాలు కోసమే ఆ చదువు చదివింది, ఆ ఉద్యోగంలో చేరింది. భర్త లారీ డ్రైవరు, ఎప్పుడూ రోడ్ల మీదే. పిల్లలు లేరు. ఇంట్లో ఆవిడ కోసం ఎదురుచూసేది ఏమీ లేదు గనక సాయంత్రం గంట కొట్టాక కూడా ఆ గదిలో సీసాలు తుడుస్తూ కూర్చునేది.

మరి మైక్రోస్కోపు బాగు చేయించొచ్చు కదా అంటారా? బడి వస్తువు గడప దాటాలంటే అనుమతి కావాలి. అనుమతి అడిగితే మా హెడ్మాస్టరు "సర్దుకుందాం మేడమ్" అనేవాడు. కప్పు కారినా సర్దుకుందాం, బల్ల కాలు విరిగినా సర్దుకుందాం. పిల్లలు ఆయన్ని సర్దుకుందాం సారు అనేవాళ్ళు. పిల్లలకి ఉన్న బుద్ధిలో సగం మాకుంటే ఎంత బాగుండేది!

ఒక ఏడాది మాత్రం వరుసలో ఒక పిల్ల మైక్రోస్కోపు మీద వంగి ఎంతకీ లేవలేదు. వెనకవాళ్ళు తోస్తున్నా లేవలేదు. చివరికి తలెత్తి, "నాకు కనబడలేదు మేడమ్" అంది.

తరగతి అంతా గొల్లున నవ్వింది.

"మరి ఏం కనబడింది?" అని అడిగింది చూడమ్మ.

"నా రెప్ప వెంట్రుకలు మేడమ్."

ఆ పిల్ల పుస్తకంలో ఉల్లిపొర బొమ్మ వేయలేదు. ఒక గుండ్రం గీసి, దాని అంచున వంకర వంకరగా వెంట్రుకలు గీసింది. చూడమ్మ దాన్ని పట్టుకుని స్టాఫ్ రూములోకి పరుగెత్తుకొచ్చింది. కళ్ళ నిండా నీళ్ళు, నోటి నిండా నవ్వు. "చూడవే! ఇన్నేళ్ళకి ఒక్కతి నిజం చెప్పిందే నాకు!" ఆ బొమ్మకి మార్కులన్నీ వేసేసింది. ఆ రోజు నుంచి తోటి పిల్లలు ఆ అమ్మాయిని "కనబడలేదు" అని పిలవడం మొదలుపెట్టారు. "ఏయ్ కనబడలేదూ, చాక్‌పీసు ఎక్కడుందో కనబడిందా?" ఆ పిల్లా పట్టించుకునేది కాదు. తల్లి మేకలు కాస్తుంది. తండ్రి లేడు. మేకల వెంట తిరిగిన పిల్ల గనక ఏది చూసినా తిన్నగా చూసేది.

ఆ పిల్ల పదో తరగతికి వచ్చిన ఏడాది మా నెత్తిన పిడుగు పడింది. పది తర్వాత ఇంకో రెండేళ్ళు మా బడిలోనే సైన్సు చదువుకునే వీలుండేది. వచ్చే ఏడు ఆ సైన్సులో కనీసం ఇరవై మంది చేరకపోతే దాన్ని ఎత్తేస్తామని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. చదవాలనుకున్నవాళ్ళు పట్నం పోవచ్చట. పోవచ్చు, ఎందుకు పోలేరు! మగపిల్లలు పోతారు. ఆడపిల్లని బస్సెక్కించి అంతదూరం ఎవరు పంపుతారు? మేకల ఇంటి పిల్లని అసలు ఎవరు పంపుతారు?

"నన్ను ఎక్కడికి బదిలీ చేసినా పోతానే. ఆ పిల్ల సైన్సు చదవాలి. అంతే" అంది చూడమ్మ.

ఇంటింటికీ తిరిగింది. కాళ్ళు వాచేలా తిరిగింది. వెళ్ళిన ప్రతి గడపలోనూ "చూద్దాం మేడమ్" అన్నారు. ఈ లోకంలో చూద్దాం అనే మాటకి అర్థం చూడము అని. అప్పుడు ఆవిడకి తిక్క రేగింది. తల్లిదండ్రుల్ని బడికి పిలిచి కళ్ళకి కట్టినట్టు చూపిస్తానంది. సర్దుకుందాం సారుకి చెప్పకుండా, మైక్రోస్కోపుని తువ్వాలు చుట్టి కూరగాయల సంచిలో పెట్టింది. ఇద్దరం పట్నం బస్సెక్కాం. ఆవిడ దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న తీరు చూసి కండక్టరు, "పసిబిడ్డా అమ్మా?" అని అడిగాడు.

"అవునయ్యా, కళ్ళు సరిగ్గా లేవు, చూపించడానికి తీసుకెళ్తున్నాం" అన్నాను నేను.

ఆవిడ తమ్ముడు పట్నంలో గడియారాలు బాగుచేస్తాడు. అద్దాలు ఒక్కొక్కటే విప్పి వెలుతురుకి పెట్టి చూసి, "అక్కా, ఇన్నాళ్ళూ దీన్ని పెట్టుకుని ఏం చూశావే?" అన్నాడు.

"ఏమీ చూడలేదురా. అందుకే తెచ్చాను."

సాయంత్రానికి శుభ్రం చేసిచ్చాడు. ఆవిడ తువ్వాలు నుంచి ఒక దారప్పోగు లాగి దాని కింద పెట్టి చూసింది. నన్ను జబ్బ పట్టి లాగి చూడమంది. ఆ పోగు పేనిన మోకులా ఉంది, ప్రతి పీచూ విడిగా కనిపిస్తోంది. నేను లెక్కల మనిషిని, ఇలాంటివాటికి కరిగేదాన్ని కాదు. ఆ రోజు కరిగాను. వచ్చేటప్పుడు బస్సులో దారి పొడుగునా పిచ్చివాళ్ళలా నవ్వుకున్నాం. ఆవిడ అంతలా నవ్వడం నేను మళ్ళీ చూడలేదు.

తల్లిదండ్రులు బాగానే వచ్చారు, ముఖ్యంగా తల్లులు. చూడమ్మ ఉల్లిపొర పెట్టింది. "అమ్మో, ఇటుకలు పేర్చినట్టుందే!" "ఏదీ, నన్ను చూడనీ వదినా, నువ్వే ఉంటావా ఏం?" అని ఒకరినొకరు తోసుకున్నారు. పిల్లల కళ్ళు వెలిగిపోతున్నాయి. మా రెండోవాణ్ణి కూడా సైన్సులోనే వేస్తామని ఒకావిడ అక్కడికక్కడే అనేసింది. ఇరవై దాటుతారనే అనుకున్నాను. అక్కడితో పెట్టె మూసేసి ఉంటే ఎంత బాగుండేది!

అప్పుడే మేకల తల్లి ముందుకొచ్చింది. "ఉల్లిపాయ నాకు ఇంట్లోనూ కనిపిస్తుంది మేడమ్. మా పిల్ల ఇక్కడ రోజూ తాగే నీళ్ళున్నాయి చూడు, అవి చూపించు."

నేను వెనకనుంచి వద్దు వద్దని తల ఊపాను. చూడమ్మ నావైపు చూస్తేగా! "భలే అడిగావమ్మా! సైన్సంటే ఇదే!" అని తనే గ్లాసు పట్టుకుని వరండాలో తాగే నీళ్ళ కుళాయి దగ్గరికి పరుగెత్తింది. గాజు పలక మీద ఒక బొట్టు వేసింది. వెతికింది, వెతికింది. ఉన్నట్టుండి గదంతా అదిరేలా అరిచింది. "చూడండమ్మా, చూడండి! నీటి ఈగ! అద్దంలా ఉంది దాని ఒళ్ళు! గుండె కొట్టుకుంటోంది చూడండి, గుండె!"

ముందుగా కనబడలేదునే పిలిచింది. ఆ పిల్ల వంగింది. చాలాసేపు చూసింది. తలెత్తి, గది మొత్తం వినేలా, "కనబడింది మేడమ్" అంది. ఈసారి ఎవరూ నవ్వలేదు. చూడమ్మ ఆ పిల్ల తలని పొట్టకేసి హత్తుకుంది.

తర్వాత తల్లి చూసింది. ఆవిడ మొహం మాడిపోయింది.

"ఇది... మా పిల్లల కడుపులోకి పోతోందా?"

"ఏమీ కాదమ్మా, ఇది ఎవరికీ హాని చెయ్యదు. గుడ్డ కట్టి వడపోసుకుంటే చాలు. మీ ఇళ్ళలో నీళ్ళలోనూ ఇవే ఉంటాయి, ఊరందరికీ ట్యాంకు ఒకటే కదా" అంది చూడమ్మ. ఓదారుస్తున్నాననుకుంది పిచ్చి తల్లి! ఒక్క మాటతో బడినీ వాళ్ళ వంటిళ్ళనూ కలిపి పురుగుల్లో ముంచేసింది.

పొద్దు గుంకేసరికి ఊరంతా పాకింది. బడి నీళ్ళలో పురుగులట, గుండెకాయతో సహా ఉన్నాయట. ఎవడో పచ్చికాయలు మెక్కి వాంతి చేసుకుంటే అదీ బడి నీళ్ళ పుణ్యమే అన్నారు. వారం తిరక్కుండా పట్నం ప్రైవేటు బడి వ్యాను ఊళ్ళోకి వచ్చింది. అక్కడ పిల్లలకి నీలిరంగు డబ్బాల్లో నీళ్ళిస్తారట. ఆ డబ్బాలు నింపేది మా ట్యాంకు నింపే కాలవ నుంచే. అయితేనేం, అక్కడ మైక్రోస్కోపు లేదుగా! ఆడపిల్లల్ని బస్సెక్కించం అన్నవాళ్ళే ముందు వ్యానెక్కించారు. ట్యాంకు కడగాలని మాత్రం ఒక్కడికీ తోచలేదు. పురుగు ఉన్నందుకు ఎవరికీ కోపం లేదు, చూపించినందుకే కోపం.

ఊరి ప్రెసిడెంటుకి మరీ ఒళ్ళు మండింది. ట్యాంకు ఆయన చేతి కింద ఉంది. బడికొచ్చి హెడ్మాస్టరు ముందు బల్ల గుద్దాడు. ఆయన వెళ్ళాక సర్దుకుందాం సారు మమ్మల్ని లోపలికి పిలిచాడు.

"మేడమ్, సర్దుకుందాం. రేపు ఊరివాళ్ళని పిలుస్తాను. ఆ రోజు కనిపించింది పురుగు కాదు, అద్దం మీద మురికి అని ఒక్క ముక్క చెప్పండి. పిల్లలు తిరిగొస్తారు, మీ సైన్సు నిలబడుతుంది. ప్రెసిడెంటు గారు మాటిచ్చారు."

నేను లేచాను. "ఏం సార్, ఇన్నేళ్ళు లేనిది ఉందని చెప్పించారు, ఇప్పుడు ఉన్నది లేదని చెప్పమంటున్నారా? సిగ్గుండాలి!" అన్నాను. ఆయన నావైపు చూడనైనా లేదు. లెక్కల టీచరు ఏమంటే ఏం, లెక్కలు ఎక్కడికీ పోవు.

బయటికొచ్చాక, "అక్కా, నేనైతే వాళ్ళ మొహాన కొట్టి పోయేదాన్ని" అన్నాను.

"నువ్వు పోతావే. ఆ పిల్ల ఎక్కడికి పోతుంది?"

కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. ఆవిడ ఆ పిల్ల కోసం ఏమైనా చేస్తుంది. నిజాన్ని కూడా తాకట్టు పెడుతుంది. అదే చేసింది.

మర్నాడు వరండాలో ఊరివాళ్ళు కూర్చున్నారు. చూడమ్మ లేచి నిలబడింది. ఎప్పుడూ చూడండమ్మా అని మొదలుపెట్టే మనిషి ఆ మాట అనలేదు. నేలకేసి చూస్తూ, "ఆ రోజు మీరు చూసింది పురుగు కాదు. అద్దం మీద మురికి. పొరపాటు నాది" అంది.

జనం గుసగుసలాడుకున్నారు. వెనక తల్లి పక్కన నిలబడ్డ కనబడలేదు పిల్ల చెయ్యెత్తింది, తరగతిలో ఎత్తినట్టే.

"మేడమ్, అది కదిలింది కదా?"

తల్లి తొడపాశం పెట్టింది. ఆ పిల్ల చెయ్యి దించలేదు. అందరూ చూడమ్మ వైపు తిరిగారు. నేను కళ్ళు మూసుకున్నాను.

"కన్ను చెదిరితే అలా అనిపిస్తుందమ్మా" అంది చూడమ్మ.

"గుండె కూడా మేడమ్..."

"అనిపిస్తుందమ్మా. కూర్చో."

ఇంత చేసినా ఒక్క పిల్ల కూడా తిరిగి రాలేదు. నీళ్ళలో పురుగులున్నాయని వెళ్ళినవాళ్ళు ఇప్పుడు ఇంకో మాట దొరికించుకున్నారు. "మురికికీ పురుగుకీ తేడా తెలియని ఆవిడ మా పిల్లలకి సైన్సేం చెబుతుంది?" అన్నారు. అన్నారంటే అనరూ! ఆ మాట వాళ్ళ నోటికి అందించింది ఆవిడే కదా. నిజం చెబితే బడి పోయింది, అబద్ధం చెబితే పరువు పోయింది. రెంటికీ చెడ్డ రేవడి అంటారే, అచ్చం అలా అయింది ఆవిడ బతుకు. ప్రెసిడెంటు ఇచ్చిన మాట ఏమైందని అడిగితే, "ఊళ్ళోవాళ్ళు వినకపోతే ఆయనేం చేస్తాడు, సర్దుకుందాం" అన్నాడు మా సారు.

సైన్సు ఎత్తేశారు. ఏడాది చివర్లో ఆవిడకి బదిలీ కాగితం చేతికిచ్చారు. ఎక్కడో కొండల అవతల, సైన్సు గదే లేని బడి. మేకల తల్లిని బతిమాలడానికి నేనూ వెళ్ళాను ఒకసారి. "పట్నం పంపండమ్మా, పిల్ల తెలివైనది" అన్నాను. ఆవిడ మేక కాలికి కట్టు కడుతూ తలెత్తకుండా, "తెలివుంటే ఏం మేడమ్, కళ్ళు చెదురుతాయంటగా దానికి" అంది. ఎత్తిపొడుపో నమ్మకమో నాకు తెలియలేదు.

పదో తరగతికి చూడమ్మ చెప్పిన చివరి పాఠం నాకు బాగా గుర్తు. సగం బల్లలు ఖాళీ. పాఠం అయ్యాక పిల్లల్ని పంపేసి కనబడలేదుని మాత్రం ఉండమంది. ఇంటికెళ్ళే బస్సు వేళ అవుతోందని చెప్పడానికి వెళ్ళిన నేను గుమ్మంలో ఆగిపోయాను. చూడమ్మ అదే కుళాయి నుంచి నీళ్ళు తెచ్చింది. బొట్టు వేసింది. వెతికి, దొరకబుచ్చుకుని, పక్కకు జరిగింది. ఊరు పోయినా, బడి పోయినా, ఈ ఒక్క పిల్ల దగ్గరైనా ఆ అబద్ధాన్ని చెరిపేసుకుందామని ఆవిడ ఆశ.

"చూడమ్మా. తీరిగ్గా చూడు. ఎవరూ లేరు. నీకు ఏం కనబడిందో అదే చెప్పు."

ఆ పిల్ల ఒక కన్ను మూసి వంగింది. మునుపటిలాగే చాలాసేపు చూసింది. లేచి, చేతులు కట్టుకుని నిలబడింది.

"ఏం కనబడింది?"

"మీరు ఏది చెప్పమంటే అదే మేడమ్."

వెటకారమైతే ఒక్కటిచ్చుకునేదాన్ని. వెటకారం కాదు. హాజరు పిలిస్తే పలికినంత మర్యాదగా అంది. అంతలా కాపాడుకుందామనుకున్న పిల్ల, అందరు పిల్లల్లాగే వరుసలోకి వచ్చి నిలబడింది.

నేను వెళ్ళి వంగి చూశాను. అది అక్కడే ఉంది, గుండె కొట్టుకుంటోంది. ఉందే, చూడు, ఉందే అని ఆ పిల్ల భుజం పట్టుకుని కుదిపాను. "సరే మేడమ్" అంది నాతో కూడా. పుస్తకాలు తీసుకుని వెళ్ళిపోయింది. చూడమ్మ గాజు పలక కడిగి, మైక్రోస్కోపుకి ఎర్రగుడ్డ చుట్టి, పెట్టెలో పెట్టి తాళం వేసింది. ఇద్దరం బస్సు కోసం నడిచాం.